సెపక్ తక్రా: ప్రపంచ కప్పులో బంగారం, ఆసియా క్రీడల్లో కాంస్యం – ఈ లెక్క ఎలా కుదిరింది?

1. పాలకొల్లు_పీఈటీ

సభ్యులందరికీ నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా బడిలో వాలీబాల్ ఆడే పిల్లల్లో కొందరికి రెండేళ్ళుగా సెపక్ తక్రా (వలకు అటూ ఇటూ నిలబడి, చేతులు వాడకుండా కాలితో, తలతో బంతిని ఆడే ఆట) నేర్పుతున్నాను. బ్యాడ్మింటన్ కోర్టు కొలతలే ఈ ఆటకూ సరిపోతాయి కాబట్టి కొత్తగా గీతలు గీయవలసిన అవసరం కలగలేదు. వల ఒకటి కట్టుకుని, బంతులు రెండు తెప్పించుకుని మొదలుపెట్టాము.

మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్నకు నేను సమాధానం చెప్పలేకపోయాను. "సార్, 2025లో పట్నాలో జరిగిన ప్రపంచ కప్పులో మన పురుషుల జట్టు బంగారం గెలిచిందని మీరే చెప్పారు. ఆసియా క్రీడల్లో మనకు ఇప్పటిదాకా వచ్చినవి కాంస్యాలేనని కూడా మీరే చెప్పారు. ప్రపంచాన్ని గెలిచినవాళ్ళు ఆసియాను ఎందుకు గెలవలేకపోయారు?" అని అడిగింది. "కాలం వేరు, జట్టు వేరు" అని అప్పటికి దాటవేశాను. అది సరైన జవాబు కాదని చెప్పేటప్పుడే నాకు తెలుసు. ఈ ఆటలో ఏ అంతర్జాతీయ పోటీకి ఎంత బరువు ఉన్నదో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

2. అంకెల_పిచ్చి

మాస్టారూ, ఆ అమ్మాయికి నా తరపున ఒక చాక్లెట్టు ఇవ్వండి. ప్రశ్న చాలా సరైనది, ఎందుకంటే ఈ ఆటలో "ప్రపంచ" అనే మాట ఒకటి కంటే ఎక్కువ పోటీలకు తగిలించి ఉన్నది.

అన్నిటికంటే పాతది 1985లో థాయ్‌లాండ్‌లో మొదలైన కింగ్స్ కప్పు. దాన్నే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని పిలుస్తారు. జట్లను వాటి స్థాయిని బట్టి డివిజన్లుగా విడదీసి ఆడిస్తారు కాబట్టి కొత్తగా వచ్చిన దేశం మొదటి రోజే థాయ్‌లాండ్ చేతిలో చితికిపోకుండా తన సమానులతో ఆడుకునే వీలు అక్కడ ఉంటుంది. అంతర్జాతీయ సమాఖ్య అయిన ఇస్టాఫ్ 1988లో ఏర్పడింది. అది నడిపే ప్రపంచ కప్పు మాత్రం చాలా ఆలస్యంగా, 2011లో కౌలాలంపూర్‌లో మొదలైంది. తర్వాతిది 2017లో మన హైదరాబాద్‌లో జరిగింది. 2024లో మళ్ళీ కౌలాలంపూర్‌కు వెళ్ళి, 2025 మార్చిలో పట్నాకు వచ్చింది. ఇక ఆసియా క్రీడల్లో ఈ ఆట 1990 బీజింగ్ నుంచి ఉన్నది. ఆగ్నేయాసియా క్రీడల్లో అంతకంటే చాలా ముందు, 1965 నుంచే ఉన్నది.

పట్నాలో మన జట్లు మొత్తం 7 పతకాలు గెలిచాయి. వాటిలో ఒకటి బంగారం, ఒకటి వెండి, మిగిలిన అయిదు కాంస్యాలు. బంగారం పురుషుల రెగులో (ముగ్గురేసి ఆడే విభాగంలో) వచ్చింది. ఫైనల్లో జపాన్ మీద మొదటి సెట్టు 11-15తో పోగొట్టుకుని, తర్వాతి రెండూ 15-11, 17-14తో గెలిచారు. ఫైనల్లో వలకు అవతల నిలబడింది జపాన్ అన్న సంగతిని మాస్టారు గుర్తుంచుకోవాలి. ఈ ఆటలో కొలబద్ద థాయ్‌లాండ్. ఏ పతకాన్ని తూచాలన్నా ముందు వేయవలసిన ప్రశ్న ఒకటే: ఆ పోటీలో, ఆ విభాగంలో థాయ్‌లాండ్ ఉన్నదా, ఉంటే ఎవరు ఎప్పుడు దాన్ని ఎదుర్కొన్నారు?

3. పెరాక్_రావు

నమస్కారమండి. మా తాతగారు రబ్బరు తోటల కాలంలో మలయా వచ్చినవారు. నేను మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో మలాయ్, సాయంత్రం మైదానంలో సెపక్ తక్రా – మా బాల్యం ఇలా గడిచింది. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

అంకెల_పిచ్చి గారు థాయ్‌లాండే కొలబద్ద అన్నారు. ఒప్పుకుంటాను కానీ మాకు కొంచెం నొప్పిగా ఉంటుంది. ఈ ఆట పేరులోనే ఒక రాజీ ఉన్నది. "సెపక్" అంటే మలాయ్ భాషలో తన్ను, "తక్రా" అంటే థాయ్ భాషలో అల్లిన బంతి. మేము దీన్ని సెపక్ రాగా అనేవాళ్ళం. వాళ్ళు తక్రా అనేవారు, ఫిలిప్పీన్స్‌లో సిపా అనేవారు. 1960లో కౌలాలంపూర్‌లో కూర్చుని నియమాలను ఒక దారికి తెచ్చే ప్రయత్నం మొదలుపెట్టారు. 1965లో అదే ఊరిలో జరిగిన క్రీడల నాటికి రెండు భాషల మాటలనూ కలిపి ఒక పేరు కట్టారు. పేరులో సగం మాది, సగం వాళ్ళది. పతకాల్లో మాత్రం ఆ వాటా నిలవలేదు.

మీ విద్యార్థిని ప్రశ్నకు మా దేశం కథే ఒక జవాబు అవుతుంది. 1990 బీజింగ్‌లోనూ 1994 హిరోషిమాలోనూ ఆసియా క్రీడల బంగారం మలేషియా గెలుచుకున్నది. 1998లో క్రీడలు బ్యాంకాక్‌కు వచ్చాయి, మహిళల పోటీలు కూడా అప్పుడే చేరాయి, అక్కడి నుంచి థాయ్‌లాండ్ తలుపు మూసేసింది. మళ్ళీ మాకు బంగారం రావడానికి 24 ఏళ్ళు పట్టింది. 2018లో జకార్తా–పాలెంబాంగ్ క్రీడల్లో పురుషుల రెగు మా జట్టు గెలిచినప్పుడు మా వీధిలో టపాకాయలు కాల్చాము. మర్నాడు కాఫీ కొట్టులో ఒక ముసలాయన, "ఆ విభాగంలో సియాము (థాయ్‌లాండ్) వాళ్ళు ఆడలేదు కదా" అన్నాడు. కొట్టంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన అన్నది నిజమే.

4. సందేహాల_సుమతి

క్షమించండి, నాకు ఈ ఆట గురించి తెలిసింది బహు తక్కువ. రెండు సందేహాలు అడుగుతాను. మొదటిది, అంత బలమైన జట్టు తనకు బంగారం ఖాయమైన విభాగంలో ఎందుకు ఆడలేదు? రెండవది, 2018లో మన పురుషులకు వచ్చిన కాంస్యం సెమీఫైనల్లో ఓడి తెచ్చుకున్నదని చదివాను. ఓడినవారికి మూడో స్థానం కోసం ఇంకో ఆట కూడా లేకుండా పతకం ఇస్తారా? ఇస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలి?

5. రెఫరీ_కుర్చీ

సుమతి గారి రెండు సందేహాలూ ఒకే వేరు నుంచి పుట్టినవి కాబట్టి కలిపి చెప్పే ప్రయత్నం చేస్తాను. నేను వాలీబాల్ రెఫరీని. ఈ ఆట నియమావళిని ఆసక్తి కొద్దీ చదివాను, రాష్ట్ర స్థాయి పోటీల్లో గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాను.

సెపక్ తక్రాలో మూల ఘటకం రెగు. (రేగుపండు కాదు, "రె"కు దీర్ఘం లేదు. పిల్లలు మొదటి వారం దీని మీదే నవ్వుకుంటారు.) రెగు అంటే ముగ్గురు ఆటగాళ్ళు. వెనక 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చిన్న వలయంలో ఒక కాలు నిలిపి సర్వీసు తన్నేవాడు తెకాంగ్. వల దగ్గర ఇద్దరుంటారు. వారిలో ఒకరు బంతిని చేత్తో తెకాంగ్‌కు విసిరితే అతడు దాన్ని తలకంటే ఎత్తున కాలు లేపి తన్నుతాడు. ఆట మొత్తంలో చేయి బంతికి తగలడానికి అనుమతి ఉన్న క్షణం అదొక్కటే. ఆ తర్వాత కాలు, మోకాలు, ఛాతీ, వీపు, తల – వీటితోనే ఆడాలి. వాలీబాల్‌లాగే మూడు స్పర్శలు ఉంటాయి, అయితే ఒకే ఆటగాడు మూడింటినీ వరుసగా వాడుకోవచ్చు. వల ఎత్తు నడిమిన పురుషులకు 1.52 మీటర్లు, మహిళలకు 1.42 మీటర్లు.

ఇప్పుడు విభాగాలకు వద్దాం. ముగ్గురితో ఆడేది రెగు, ఇద్దరితో ఆడేది డబుల్స్, నలుగురితో ఆడేది క్వాడ్రంట్. టీమ్ రెగు అంటే మూడు రెగులు కలిసిన జట్టు, అంటే తొమ్మిది మంది. ఒక రెగు తర్వాత ఒక రెగు దిగుతుంది, మూడింటిలో రెండు గెలిచిన దేశం గెలిచినట్టు. ఈ టీమ్ రెగులోనే దేశం లోతు బయటపడుతుంది. ముగ్గురు అసాధ్యులను తయారుచేసుకున్న దేశం రెగు గెలవవచ్చు. టీమ్ రెగు గెలవాలంటే అలాంటి తొమ్మిది మంది కావాలి, ఆ తొమ్మిది మంది రావాలంటే వెనక ఊరూరా ఆడే వందల మంది ఉండాలి.

ఆసియా క్రీడల్లో ఉన్న విభాగాలన్నిటికీ ప్రవేశం ఇస్తే థాయ్‌లాండ్ అన్నిటినీ ఊడ్చుకుపోతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. అందుకని ఒక్కో దేశం పురుషుల్లో రెండు, మహిళల్లో రెండు విభాగాలను మాత్రమే ఎంచుకోవాలన్న పరిమితి పెట్టారు. 2018లో థాయ్ పురుషులు ఎంచుకున్న రెండింటిలో రెగు లేదు. అక్కడ మలేషియా గెలిచింది. క్వాడ్రంట్ కూడా వారు ఎంచుకోలేదు. అక్కడ ఆతిథ్య దేశం ఇండోనేషియా గెలిచింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల్లో థాయ్‌లాండ్ పురుషుల్లోనూ మహిళల్లోనూ రెగు, టీమ్ రెగు పట్టుకుని నాలుగు బంగారాలూ తీసుకుపోయింది. వదిలిపెట్టిన క్వాడ్రంట్లలో పురుషుల బంగారం మ్యాన్మార్‌కు, మహిళల బంగారం వియత్నాంకు వెళ్ళాయి.

రెండో సందేహానికి జవాబు: అవును, సెమీఫైనల్లో ఓడిన రెండు జట్లకూ కాంస్యం ఇస్తారు. బాక్సింగ్‌లోనూ ఇదే పద్ధతి. దాని విలువ ఎంత అన్నది ఎవరి చేతిలో ఓడారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. 2018లో మన టీమ్ రెగు ముందు దశలో ఇరాన్‌ను 2-1తో ఓడించి, సెమీఫైనల్లో థాయ్‌లాండ్‌కు ఓడింది. ఈ ఆటలో ఆసియా క్రీడల నుంచి భారతదేశం తెచ్చిన మొట్టమొదటి పతకం అదే.

6. సందేహాల_సుమతి

ధన్యవాదాలు. ఇంత స్పష్టంగా చెబుతారని అనుకోలేదు. అయితే నాకు ఇంకో చిక్కు వచ్చి పడింది. బలవంతుణ్ణి రెండు గదులకే పరిమితం చేసి, మిగిలిన గదుల్లో దొరికిన బంగారాన్ని కూడా అదే బంగారమని పిలవడం న్యాయమేనా? ఈత పోటీల్లో మంచి ఈతగాడిని "నువ్వు రెండు పోటీల్లోనే దిగు" అని ఎవరూ అనరు కదా?

7. అంకెల_పిచ్చి

సుమతి గారి వాదనలో పస ఉన్నది, నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. కారణం ఒకటే. ఒక ఆటలో బంగారాలన్నీ ఒకే దేశానికి పోతాయని ముందే తెలిస్తే మిగిలిన దేశాల ప్రభుత్వాలు ఆ ఆట మీద డబ్బు ఖర్చు చేయవు. ప్రభుత్వాలు ఖర్చు చేయని ఆట ఆసియా క్రీడల జాబితాలో ఎంతకాలం నిలుస్తుంది? వియత్నాం అమ్మాయిలు హాంగ్‌ఝౌలో గెలిచిన క్వాడ్రంట్ బంగారం అక్కడి క్రీడా శాఖకు ఒక సమాధానం. ఆ సమాధానం లేకపోతే వాళ్ళ శిబిరాలే నడవకపోవచ్చు. పరిమితి అన్యాయమే, కానీ ఆటను బతికించే అన్యాయం.

పెరాక్_రావు గారికి ఒక మాట. మీ 2018 బంగారాన్ని ఆ కాఫీ కొట్టు ముసలాయన తక్కువ చేసినా నేను తక్కువ చేయను. మలేషియా కూడా అదే పరిమితిలో ఆడింది.

8. ఇంఫాల్_లో_ఏడేళ్ళు

కొంచెం ఆలస్యంగా చేరుతున్నాను. బ్యాంకు ఉద్యోగం మీద ఏడేళ్ళు మణిపూర్‌లో ఉన్నాను. ఈ చర్చలో కొలబద్దలు, బరువులు చాలా వచ్చాయి కానీ ఆడినవాళ్ళు ఎక్కడివాళ్ళన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌలో మన మహిళల రెగుకు కాంస్యం వచ్చింది. మైపాక్ దేవి, చావోబా దేవి, ప్రియా దేవి, లైరెంతోంబి దేవి, ఖుష్బూ – ఈ అయిదుగురిలో నలుగురు మణిపూర్ బిడ్డలు. భారత మహిళలకు ఈ ఆటలో ఆసియా క్రీడల పతకం రావడం అదే మొదటిసారి. సెమీఫైనల్లో థాయ్‌లాండ్ చేతిలో 10-21, 13-21తో ఓడారు. ఆ థాయ్ జట్టే తర్వాత బంగారం గెలిచింది. ఆ ఏడాది మే నెల నుంచి మణిపూర్ ఏ స్థితిలో ఉన్నదో మీకు తెలుసు. ఇంటర్నెట్ లేదు, దారులు మూసి ఉన్నాయి, ఇంటినుంచి కబురు ఎప్పుడు వస్తుందో, వస్తే ఏ కబురు వస్తుందో తెలియదు. అలాంటి రోజుల్లో పరాయి దేశానికి వెళ్ళి ఒంటికాలి మీద నిలబడి సర్వీసు తన్నడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ కాంస్యాన్ని "ఓడి తెచ్చుకున్నది" అని రాస్తే నాకు కష్టం తోస్తుంది. సుమతి గారిని తప్పు పట్టడం లేదు, ఆమె అడిగింది నియమం గురించి.

2018 పురుషుల జట్టులోనూ సగానికి పైగా మణిపూర్ వారే. అక్కడ కాలితో ఆడే అలవాటు పాతది. ఫుట్‌బాల్ ఆడని పల్లె ఉండదు. ఇరుకు పెరట్లో ఫుట్‌బాల్ కుదరకపోతే వల కట్టి సెపక్ తక్రా ఆడతారు. నేను ఉన్న అద్దె ఇంటి యజమాని కొడుకులిద్దరూ మధ్యాహ్నం వంటింటి గోడకు బంతిని తలతో కొడుతూ వందలు లెక్కపెట్టేవారు. ఆ చప్పుడుతో నా మధ్యాహ్నపు నిద్ర పోయిందని అప్పట్లో విసుక్కున్నాను.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. 2018 జట్టులోని హరీశ్ కుమార్ ఢిల్లీలోని మజ్నూ కా టీలాలో తండ్రి నడిపే టీ కొట్టులో పనిచేస్తూ ఆడినవాడు. పతకం గెలిచి వచ్చాక కూడా కొట్టులో చాయ్ అందిస్తున్న అతని ఫొటోలు పత్రికల్లో వచ్చాయి.

9. సందేహాల_సుమతి

మీరు చెప్పింది చదివాక నా ప్రశ్నలోని మాట నాకే పొడుచుకుంటున్నది. "ఓడి తెచ్చుకున్నది" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. నియమం గురించిన సందేహం మాత్రం అలాగే ఉన్నది.

10. భాగ్యనగరి

2017 ప్రపంచ కప్పు మా ఊళ్ళో జరిగిందన్న సంగతి నా స్నేహితుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. నేను కూడా ఒక సహోద్యోగి బలవంతం మీద వెళ్ళాను. టీవీలో చూస్తే ఈ ఆట సర్కస్ లాగా కనిపిస్తుంది. దగ్గర నుంచి చూసినప్పుడు మొదట తెలిసేది వేగం. ఆ బంతి 180 గ్రాములకు మించదు, లోపల అంతా ఖాళీ, పన్నెండు రంధ్రాలు ఉంటాయి. అయినా తెకాంగ్ కాలు తగలగానే వచ్చే చప్పుడు చప్పట్లలో కూడా వినిపిస్తుంది. వల దగ్గరి స్ట్రైకర్ గాలిలో తలకిందులుగా పల్టీ కొట్టి బంతిని తన్ని, మళ్ళీ కాళ్ళ మీదే దిగుతాడు. దాన్ని రోల్ స్పైక్ అంటారట. అతన్ని అడ్డుకునేవాడు వాలీబాల్ బ్లాకర్‌లాగా చేతులు లేపలేడు కాబట్టి వీపు తిప్పి, కాలు ఎత్తి, బంతి తన వీపుకే తగలాలని ఎగురుతాడు. వీపును అస్త్రంగా వాడే ఆట ఇంకొకటి నేను చూడలేదు.

నాకు బాధ కలిగించింది ఖాళీ కుర్చీలు. ఆడుతున్నవాళ్ళు ప్రపంచంలో ఆ పనిలో మొదటివరసలో ఉన్నవాళ్ళు. చూస్తున్నవాళ్ళలో చాలామంది వేరే దేశాల ఆటగాళ్ళు, వాళ్ళ కోచ్‌లు. పీవీ సింధు ఊరిలో షటిల్ ఆడే పిల్లలు వేలమంది ఉన్నారు, అదే కొలతల కోర్టులో ఆడే ఆటను చూడడానికి మాత్రం ఎవరూ రాలేదు.

11. పెరాక్_రావు

భాగ్యనగరి గారూ, మీ ఖాళీ కుర్చీల మాటకు ఎదురుగా మా నిండు కుర్చీల కథ చెబుతాను, అది కూడా సుఖాంతం కాదు.

ఈ ఆటకు నిజమైన వేడి ఆసియా క్రీడల్లో కాదు, ఆగ్నేయాసియా క్రీడల్లో కనిపిస్తుంది. ఇక్కడ ఇరుగుపొరుగు దేశాలు అన్నదమ్ముల గట్టు తగాదాలాగా కొట్టుకుంటాయి. 2017లో కౌలాలంపూర్ క్రీడల్లో ఇండోనేషియా మహిళల జట్టు మా జట్టుతో ఆడుతూ, తమ సర్వీసును రెఫరీ పదే పదే ఫౌల్ అంటున్నాడని నిరసించి మధ్యలోనే కోర్టు విడిచి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళిపోతుంటే గ్యాలరీలో కొందరు చప్పట్లు కొట్టారు. టీవీ ముందున్న నాకు సిగ్గు వేసింది. తెకాంగ్ కాలు వలయం దాటిందా లేదా, బంతి తన్నకముందే పాదం నేలను విడిచిందా లేదా – కంటిరెప్ప పాటులో జరిగే ఈ విషయం మీద రెఫరీ ఒక్కసారి అనుమానపడితే ఆ తెకాంగ్‌కు ఇక కాలు లేవదు.

ఇంకో సంగతి. ఆగ్నేయాసియా క్రీడల్లో ఏ విభాగాలు ఉండాలన్నది ఆతిథ్య దేశం చాలావరకు తేలుస్తుంది. 2013లో మ్యాన్మార్ ఆతిథ్యం ఇచ్చినప్పుడు తమ చిన్‌లోన్‌ను పతకాల ఆటగా చేర్చుకున్నది. చిన్‌లోన్ అంటే వలా లేదు, ప్రత్యర్థీ లేడు, ఆరుగురు వలయంగా తిరుగుతూ పేము బంతిని కింద పడకుండా నాట్యంలా తన్నే సంప్రదాయం. గెలుపోటములు లేని ఆటకు మార్కులు వేసి పతకాలు పంచారు, ఎక్కువ భాగం వాళ్ళకే వెళ్ళాయి. మేము కూడా అంత పవిత్రులం కాము, మా వంతు వచ్చినప్పుడు మేమూ లెక్కలు వేసుకున్నాము.

వరుసలో లేని ముచ్చట ఒకటి చెప్పి ఆపుతాను. పదిహేనో శతాబ్దపు మలక్కాలో సుల్తాను మన్సూర్ షా కొడుకు రాజా మహమ్మద్ గుర్రం మీద పోతుంటే, వీధిలో ఆడుకుంటున్న ప్రధానమంత్రి కొడుకు తున్ బెసార్ తన్నిన రాగా బంతి వచ్చి ఆయన తలపాగాను పడగొట్టింది. రాజకుమారుడు అక్కడికక్కడే క్రిస్ కత్తితో ఆ కుర్రవాణ్ణి పొడిచి చంపాడు. మా పాత రాజ వృత్తాంతాల్లో ఉన్న కథ ఇది. ఈ ఆటలో కోపతాపాలు ఎంత పాతవో దీన్నిబట్టి మీరే చూసుకోండి.

12. రెఫరీ_కుర్చీ

రావు గారు చెప్పిన తెకాంగ్ పాదం విషయం నూటికి నూరుపాళ్ళు నిజం. నేను జెండా పట్టిన పోటీలో ఇలాంటి ఫౌల్ ఒకటి చూపినందుకు ఆ జట్టు మేనేజరు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

ఇంతవరకు ఎవరూ ఎత్తని ఒక అంశం ఉన్నది. మాస్టారి ప్రశ్నకు అది కూడా జవాబులో భాగమే. మన మహిళలు హాంగ్‌ఝౌలో ఓడిన స్కోరు 10-21, 13-21. మన పురుషులు పట్నాలో గెలిచిన స్కోరు 11-15, 15-11, 17-14. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. హాంగ్‌ఝౌలో సెట్టు 21 పాయింట్లకు ఆడారు, పట్నాలో 15కు ఆడారు.

13. అంకెల_పిచ్చి

అద్భుతం, ఇది నేను చెప్పవలసింది! సెట్టు ఎంత పొడవైతే బలమైన జట్టుకు అంత మేలు. ప్రతి పాయింటులో కాస్త మెరుగైన జట్టు ఇరవై ఒకటి చేరేలోపు తన తప్పులను దిద్దుకోవడానికి సమయం చిక్కించుకుంటుంది. సెట్టును పదిహేనుకు కుదిస్తే, బలహీనమైన జట్టు తెకాంగ్ ఒక్కడు అయిదారు నిమిషాలు వెలిగిపోయినా సెట్టు చేతికి వచ్చేస్తుంది. టెస్టు మ్యాచ్‌కూ ఇరవై ఓవర్ల ఆటకూ ఉన్న తేడా లాంటిదే ఇది. పట్నా విజయాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. మొదటి సెట్టు పోగొట్టుకుని మూడో సెట్టులో 14 దగ్గర జపాన్‌ను ఆపి గెలవడం అదృష్టంతో జరిగే పని కాదు. అయితే పొట్టి సెట్లు వచ్చాక థాయ్‌లాండ్‌కు కూడా వెన్నులో కాస్త చలి మొదలై ఉంటుందని నా ఊహ.

14. ఇంఫాల్_లో_ఏడేళ్ళు

సెట్టు పొడవు సంగతి సరే. తిండి, కొలువుల సంగతి కూడా చూడాలి. థాయ్‌లాండ్‌లో ఈ ఆటకు లీగు ఉన్నది, టీవీ ఉన్నది, సైన్యం, పోలీసు శాఖల జట్లు ఉన్నాయి. సుబ్‌సాక్ పున్‌సుబ్ లాంటి స్ట్రైకర్ అక్కడ ఇంటింటికీ తెలిసిన పేరు. మన దగ్గర ఈ ఆట అధికారికంగా మొదలైంది 1982లో. ఆ ఏడాది ఢిల్లీ ఆసియా క్రీడల్లో దీన్ని ప్రదర్శన క్రీడగా చూపించారు. అదే ఏడాది నాగపూర్ కేంద్రంగా జాతీయ సమాఖ్య ఏర్పడింది. అంటే మనం కొత్తవాళ్ళం ఏమీ కాము, నలభై ఏళ్ళు దాటింది. ఆ నలభై ఏళ్ళలో మన ఆటగాళ్ళను నిలబెట్టింది ప్రేక్షకులు కాదు, కేంద్ర ప్రభుత్వ కొలువుల క్రీడా కోటా. ఆ జాబితాలో సెపక్ తక్రా ఉండబట్టే మణిపూర్ పిల్లలు పాతికేళ్ళు దాటాక కూడా ఆడగలుగుతున్నారు.

15. పాలకొల్లు_పీఈటీ

నాలుగు రోజులుగా ఈ చర్చను ప్రతి రాత్రీ చదువుతున్నాను. ఎవరికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయికి నాకు అర్థమైనంతవరకు చెప్పాను. ప్రపంచ కప్పు ఈ ఆటకు కొత్త పండుగ అని, ఆసియా క్రీడలు పాత పరీక్ష అని, ఈ ఆటలో ప్రపంచంలోని గట్టి జట్లన్నీ ఆసియాలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ "ప్రపంచ" కంటే "ఆసియా" చిన్న మాట కాదని చెప్పాను. థాయ్‌లాండ్‌కు ఉన్న పరిమితి, సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం, సెట్టు పొడవు – ఈ మూడింటినీ నేల మీద సుద్దతో గీసి వివరించాను. అంతా విని, "అయితే 2026లో జపాన్‌లో జరిగే ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్ వదిలిపెట్టే విభాగం ఏదో కనిపెట్టి మనవాళ్ళు దానికే సాధన చేయాలి కదా సార్" అన్నది. నేను నిర్ఘాంతపోయాను. అంకెల_పిచ్చి గారూ, మీకు వారసురాలు దొరికింది.

ఒక చిన్న సాయం కావాలి. మా దగ్గర ఉన్న రెండు బంతులూ మగపిల్లల బరువువి. ఆడపిల్లలు తలతో కొట్టినప్పుడు నొప్పి అంటున్నారు. వాళ్ళకు వేరే బంతి ఉంటుందా?

16. రెఫరీ_కుర్చీ

తప్పక ఉంటుంది మాస్టారూ. పురుషుల బంతి 170 నుంచి 180 గ్రాములు, చుట్టుకొలత 41 నుంచి 43 సెంటీమీటర్లు. మహిళల బంతి 150 నుంచి 160 గ్రాములే, చుట్టుకొలత ఒక సెంటీమీటరు ఎక్కువ. కొనేటప్పుడు బరువు అడిగి తీసుకోండి. రబ్బరు పూత ఉన్న రకం దొరికితే నుదురు అంతగా ఎర్రబడదు. వల ఎత్తు కూడా వాళ్ళకు పది సెంటీమీటర్లు దించడం మరవకండి.

17. పెరాక్_రావు

మా చిన్నప్పుడు పేము బంతినే వాడేవాళ్ళం, కొత్త బంతి గట్టిగా ఉంటుందని రాత్రంతా నీళ్ళలో నానబెట్టేవాళ్ళం. ఇప్పటి ప్లాస్టిక్ బంతిని నానబెట్టి లాభం లేదు. మాస్టారూ, పిల్లలకు ఇంకొకటి కూడా చెప్పండి: బ్యాంకాక్‌లోని వాట్ ఫ్రా కేవ్ గోడల మీద హనుమంతుడు వానరులతో వలయంగా నిలబడి తక్రా ఆడుతున్న బొమ్మ ఉన్నది. నేను చూడడానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ దండం పెట్టుకున్నది, నేను ఆయన మోకాలు ఎంత ఎత్తుకు లేచిందో చూస్తూ ఉండిపోయాను.